తుపాకీ మెడ మీది బొట్టు

చిత్తూరు బజారు వీధి కొసన, ఒక పక్క బెల్లం మండీ, మరో పక్క కుట్టుమిషన్ల కొట్టు కాపు కాస్తుండగా, నడుమ ఆరడుగుల వెడల్పున విరాజిల్లే సంస్థానం పేరు ‘కాశిం అండ్ ఫాదర్, తుపాకుల మరమ్మతు’. లోకమంతా అండ్ సన్స్ అని రాయించుకుంటుంటే ఈ విపరీతమేమిటని బోర్డు చూసి నవ్విన వాళ్లు లేకపోలేదు. కాశిం సాహెబ్ వాదం ఆయన స్క్రూడ్రైవరంత సూటిగా ఉండేది. కొడుకులిద్దరూ కోళ్లదాణా వ్యాపారంలోకి దిగి ఇనుము వాసనే మరిచిపోయారు. తండ్రి మాత్రం పోయి ముప్పై ఏళ్లయినా ప్రతి మరమ్మతులోనూ భుజం వెనక నిలబడి తప్పులు పడుతూనే ఉన్నాడు. కొట్టులో ఎవరు పనిచేస్తారో వాళ్ల పేరే కదా బోర్డు మీద ఉండాలి!

తాతల కాలంలో జమీందార్ల వేట తుపాకులు మఖమలు గుడ్డల్లో చుట్టుకుని గుర్రపు బండ్లలో దిగేవట ఆ కొట్టు ముందర. 1999 ఆగస్టు నాటికి వచ్చేవి చెరకుతోటల్లో అడవిపందుల్నీ, పలమనేరు వైపు ఏనుగుల్నీ బెదరగొట్టే ఒంటిగొట్టం తుపాకులు. వాటి వాహనం గోనెసంచి. అయినా కాశిం సాహెబ్ కీర్తి మరమ్మతులో లేదు, జాతకంలో ఉంది. పేరు అరిగిపోయి, నంబరు తుప్పులో కలిసిపోయిన ఏ అనామక తుపాకీని ముందు పెట్టినా ఆయన దాని స్క్రూ తలల్ని, గాడుల్ని, రంధ్రాల్ని తడిమి, జన్మస్థలమూ జన్మకాలమూ, మధ్యలో చెయ్యి పెట్టి చెడగొట్టిన మూర్ఖుడెవరో కూడా చెప్పేవాడు. లైసెన్సు కాగితంలో ‘వివరములు’ అన్న గడి నింపలేని గుమాస్తాలు సైతం మనిషిని ఆయన దగ్గరికే పంపేవారు. నలభై అయిదేళ్లలో ఆయన మాట ఒక్కసారీ తప్పలేదని జిల్లా నమ్మింది. జిల్లా అంతటిది నమ్మినప్పుడు తానొక్కడూ నమ్మకపోవడం అహంకారమవుతుందని ఆయనా నమ్మాడు.

తుపాకుల్లో ఆయనకు పక్షపాతం ఒక్క జాతి మీదనే. లీవరు రైఫిలు. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఉంగరాన్ని కిందికి తోసి మీదికి లాగితే చాలు, కాలిన తూటా ఎగిరి బయటపడుతుంది, కొత్తది లోపల కూర్చుంటుంది. అందులో వేగమూ ఉంది, వినయమూ ఉంది. సర్కారు కొలువుల్లో ఎన్నడూ కలిసి కనబడని రెండు గుణాలు. అలాంటి పాత రైఫిళ్లు జిల్లాలో ఆయనకు తెలిసినవి నాలుగు. మూడింటిని తుపాకులనేవాడు. నాలుగోదాన్ని ‘అది’ అనేవాడు.

‘అది’ పాకాలకు ఆరు మైళ్ల అవతల వేపమానుపల్లెలో, మునస్వామి నాయుడి ఇంట్లో ఉండేది. గూడూరు అభ్రకం గనులు చూసుకునే దొర ఒకడు దేశం వదిలిపోతూ అమ్మితే నాయుడు కొన్న వించెస్టరు కంపెనీ రైఫిలు. 1955లో, తనకు ఇరవై రెండేళ్లప్పుడు, కాశిం వేరే తుపాకీ ఏదో అప్పగించడానికి ఆ ఇంటికి వెళ్లాడు. పెరటి వెనక గుట్ట వాలులో నాయుడి ఒక్కగానొక్క కూతురు చంద్రకాంతమ్మ, ఇరవై ఏళ్లది, దారాలకు వేలాడగట్టిన నిమ్మకాయల్ని నలభై గజాల నుంచి కొడుతూ ఉంది. ఆరింట మూడు రాలాయి. మిగిలిన మూడూ గాలికి తప్ప దేనికీ కదల్లేదు. ఆమె విసుగ్గా వెనక్కి తిరిగింది.

“ఏమప్పా, నువ్వు తుపాకుల సాయిబు కొడుకువే కదా? గుండు ఎడం పక్కకు పోతాండాది. తప్పు నాదా, దీనిదా? సూసి సెప్పు.”

గొట్టం కొసన నిలబడే చిన్న పూసను పనివాళ్లు మక్కీ అంటారు. ఈగ అని అర్థం. కంటికి దగ్గరగా, గొట్టం నడుమ ఉండే గాటు దీద్‌బాన్. గాటు నడుమ ఈగ, ఈగ తల మీద లక్ష్యం. ఈ మూడింటికీ సఖ్యం కుదిర్చేదే గురి. గుండు ఎడమకు పోతుంటే మక్కీని కుడికి జరపాలని లోకజ్ఞానం చెబుతుంది. లోకజ్ఞానానికి తుపాకులు తెలియవు. తప్పు ఎటు పోతుందో మక్కీని అటే జరపాలి. కాశిం రాగి పుల్ల ఆనించి, చిన్న సుత్తితో, వెంట్రుకవాసి ఎడమకు కొట్టాడు.

“తప్పు దీనిదే అమ్మణ్ణీ.”

తర్వాత ఆరింటికి ఆరూ రాలాయి. ఆమె మెచ్చుకోలుగా ఒక్క మాట అనలేదు. అతని వైపు చూసి కనుబొమ ఎగరేసింది, అంతే. ఆ కనుబొమను కాశిం నలభై నాలుగేళ్లు దాచుకున్నాడు. ఆమెకు ఇల్లరికపు మొగుడు వచ్చాడు, పిడుగుకీ తుపాకీకీ సమానంగా భయపడే సాధుజీవి. కాశిం ఇంటికి షహర్‌బాను వచ్చింది. దాచుకున్నది మాత్రం దాచుకున్న చోటే ఉంది. దానికొక పేరు పెట్టే సాహసం ఆయన చేయలేదు, పేర్లు అరిగిపోయిన వస్తువుల్ని గుర్తించడమే తన వృత్తి అయినా. ఆయనకు తెలిసిందల్లా ఒక్కటే. ఆ తర్వాత వందల చేతుల్లో వందల తుపాకులు పేలగా చూశాడు. అలా కాల్చిన చెయ్యి మరొకటి లేదు. ఆ చెయ్యి ఆ తుపాకీని కాలుస్తుండగా ఒక్కసారి, మళ్లీ ఒక్కసారి చూడాలి.

దానికి అడ్డం పడింది ఆయన మాటే.

డెబ్బై ఏడులో, దసరా మరునాడు, చంద్రకాంతమ్మ ‘అది’ పట్టుకుని కొట్టుకు వచ్చింది. అప్పటికామెకు నలభై రెండేళ్లు. ఆయుధపూజ జరిగిన తుపాకీ పసుపూ గంధమూ కుంకుమా పూసుకుని పెళ్లికూతురిలా ఉంది.

“దూరంది బాగా కనపడతాది సాబూ. ఈ దీద్‌బానే మసక. కన్ను చికిలిస్తే గాటు కనపడతాది, మక్కీ మాయమైతాది. మక్కీ కనపడితే గాటు పోతాది. ఏమన్నా దోవ ఉండాదా?”

దోవ ఉంది. కళ్లద్దాలు మరిచిపోయిన పెద్దమనిషి వేలు ముడిచి, ఆ ముడత సందులోంచి క్యాలెండరు చదవడం ఎవరు చూడలేదు? చిన్న చిల్లులోంచి చూస్తే ముసలి కన్నుకు కూడా దగ్గరా దూరమూ ఒకేలా తేటపడతాయి. ఆ మర్మం తెలిసిన వాళ్లు పాత లీవరు రైఫిళ్లకు ఒక పీప్‌సైటు చేశారు: లేపితే లేచే, పడుకోబెడితే పడుకునే ఇనుప కాడ, దాని తలలో పావలా బిళ్లంత చక్రం, చక్రం నడుమ చిల్లు. దాన్ని బిగించేది తుపాకీ మెడ మీద, కట్టెలోకి నాలుకలా సాగే ఇనుప పట్టీకి. బిగించే రెండు మరల్లో ఒకదానికి పట్టీ కొసన ఉన్న స్క్రూ చోటు చాలు. రెండో మరకు మాత్రం పట్టీ మొదట్లో ప్రత్యేకంగా రంధ్రం ఉండాలి. పూర్వపు తుపాకులకు ఆ రంధ్రం పుట్టుకతోనే ఉండేది, తర్వాతి వాటిలో చాలావాటికి వేయడం మానేశారని తండ్రి నేర్పిన పాఠం. పీప్‌సైటు కూడా ఉంది, తండ్రి వదిలిపోయిన రేకు పెట్టెలో, తల్లీతండ్రీ తెలియని నానారకాల మక్కీల మధ్య.

కాశిం సాహెబ్ వంగి తుపాకీ మెడను చూశాడు. పట్టీ మొదట్లో, రంధ్రం ఉండవలసిన చోట, గంధం మీద నిగనిగలాడే కుంకుమ బొట్టు. చుట్టూ నునుపు. రంధ్రం ఛాయ లేదు.

బొట్టు తుడిచి చూడవచ్చు. చెయ్యి కదలలేదు. నిన్నటి పూజ, పరాయి ఇంటి దేవుడికి పెట్టిన బొట్టు, తడి ఆరనైనా లేదు. అన్యుల పూజ చెరపకూడదన్నది తండ్రి పాఠాల్లో ఒకటి. పైగా నలభై అయిదేళ్ల కీర్తికి అప్పటికి ఇరవై మూడేళ్లు నిండాయి. తుడిచి చూసి చెప్పడం సామాన్యుల పని.

“దీనికి పడదమ్మా. ఇది తర్వాతి కాలం సరుకు. రంధ్రం లేదు. కొత్తగా వేస్తే ఇనుము చెడతాది, తుపాకీ విలువ పోతాది.”

“నువ్వే లేదంటే ఇంక అప్పీలు యాడుండాది,” అని ఆమె తుపాకీ చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె కాల్చలేదని పాకాల నుంచి వచ్చే రైతులెవరో చెబితే తెలిసింది.

ఇప్పుడు, ఈ ఆగస్టులో, ఎన్నికలొచ్చాయి. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఉన్న ప్రతి తుపాకీనీ పోలీసు స్టేషనులో అప్పగించి, ఓట్ల లెక్కింపు ముగిశాక రసీదు చూపించి తెచ్చుకోవాలి. ప్రజాస్వామ్యానికి ఉండుండి పట్టే మైల అది. ఆ రోజుల్లో ఇనుము ఇంట్లో ఉండకూడదు. ఒక సోమవారం పొద్దున చంద్రకాంతమ్మ, అరవై నాలుగేళ్ల మనిషి, పాకాల బస్సు దిగి, పాత బొంతలో చుట్టిన పొడవాటి మూటతో కొట్టు మెట్టెక్కింది.

“మీరే వచ్చినారా అమ్మా! కబురు చేస్తే నేను రానా?”

“నీకు కబురొచ్చే లోపల నామినేషన్లు అయిపోతాయి. కండక్టరు ఇది చెరకు గడనుకోని, మోపు టాపు మింద ఎయ్యమంటాడు సాబూ! తుపాకీరా నాయనా అంటే, ముందర సీటు ఇచ్చినాడు.” ఆమె బెంచీ మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. “గురువారం ఈడనే చిత్తూరు స్టేషన్‌లో పెట్టేస్తా. ఇంక తెచ్చుకోను. లైసెన్సు గూడా ఆళ్ల మొకానే పారేస్తా. ఒకసారి బాగా కడిగి తుడిచి పెట్టు. ఎల్లిపోయే బిడ్డకు తలకు పోసి పంపల్ల కదా.”

“ఎందుకమ్మా ఇచ్చేసేది?”

“పెట్టుకోని ఏం చేసేది? ఏడాదికొకసారి బొట్టు పెట్టేదానికి రోకలి చాలదా?”

“కన్ను ఎట్లుండాది?”

“దూరానికి గెద్ద. దగ్గరికి గుడ్లగూబ.”

“కాల్చి ఎన్నాళ్లయింది?”

“నువ్వు వద్దన్నప్పటి నుంచి.”

“నేను వద్దనలేదమ్మా. పడదన్నాను.”

“రెండూ ఒకటే,” అని లేచింది చంద్రకాంతమ్మ. “బుధవారం వస్తా. మూడు తూటాలు మిగిలినాయి, మూటలోనే ఉండాయి. అవి గూడా ఇచ్చేయల్ల.”

ఆ మధ్యాహ్నమే కాశిం సాహెబ్ పనికి కూర్చున్నాడు. కడగమన్నది ఆమే కనుక ఈసారి బొట్టుకు మినహాయింపు లేదు. కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. పై కుంకుమ పోయింది, కింద గంధం. గంధం పోయింది, కింద మళ్లీ కుంకుమ. అరశతాబ్దపు దసరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఆముదంలో నాని, ఎండలో గట్టిపడి, ఇనుముతో ఇనుమై రంగు కూడా కలిపేసుకున్నాయి. పురావస్తు శాఖ వారికి ఇంత సక్రమమైన పొరలు ఎక్కడా దొరికి ఉండవు. ఆయన ఎనభైలను దాటి, డెబ్బైలను దాటి, యాభైల దాకా తవ్వి, సూదితో చివరి పొర గీరబోయాడు. సూది లోపలికి దిగింది.

సూదిని అటూ ఇటూ కదిపాడు.

రంధ్రం. లోపల మర, పుల్ల తిప్పితే ఒక్కొక్క చుట్టూ తగులుతూ. దొర తన పీప్‌సైటు విప్పుకుని పోయినప్పుడు పూడ్చకుండా వదిలేసిన రంధ్రం. మునస్వామి నాయుడు బొట్టు పెట్టబోయిన ప్రతిసారీ వేలు ఆ గుంట దగ్గరే ఆగి ఉంటుంది. బొట్టు నిలిచేందుకు అంతకన్న అనువైన చోటు తుపాకీ మీద లేదు. ఆయన పోయాక కూతురు అదే చోట, అదే భక్తితో, ఏటేటా తన చూపుకు తానే మూత వేసుకుంటూ వచ్చింది. మూత తియ్యవలసిన ఒకే ఒక్క మనిషి మర్యాదగా చేతులు కట్టుకుని చూశాడు.

రేకు పెట్టె దించాడు. పీప్‌సైటు అడుగు పట్టీని తుపాకీ మెడ మీద పెట్టాడు. రెండు రంధ్రాలూ రెండు రంధ్రాల మీద, ఇంటికొచ్చిన చెప్పుల్లా కూర్చున్నాయి.

షహర్‌బాను టీ తెచ్చేసరికి ఆయన తుపాకీని ఒళ్లో పెట్టుకుని గోడను చూస్తున్నాడు.

“అజీ, ఏమైనాది? దెయ్యాన్ని చూసినట్టుండారే?”

“దెయ్యమైతే బాగుండు. నేనే.” అని అంతా చెప్పాడు.

ఆమె గ్లాసు మీద మూత సర్దుతూ విన్నది. “ఆ పొద్దే తుడిచి చూడాల్సింది.”

“పూజ బొట్టు షహర్‌బానూ. ఎట్ల తుడిచేది?”

“అడిగి తుడవాల్సింది. నోరు లేదా?”

తండ్రి పాఠాల్లో అడగడం అన్న అధ్యాయం లేదు.

“సరే, అయిందేదో అయింది,” అందామె, కాస్త మెత్తబడి. “ఇప్పుడు చెప్పి ఆయమ్మ కడుపు మంట పెట్టేదెందుకు? రంధ్రం మీరే కొత్తగా వేసినారని చెప్పండి. మీ పేరు నిలుస్తాది, ఆయమ్మ ముచ్చటా తీరతాది.”

ఎంత సుందరమైన అబద్ధం! కొలతకు కొలత, మరకు మర సరిపోయే అబద్ధం. కాశిం సాహెబ్ దాన్ని ఒక రోజంతా చేతిలో తిప్పి చూశాడు.

మరునాడు పీప్‌సైటు బిగించాడు. గాడిలోని పాత దీద్‌బాన్‌ను, కుడి నుంచి కొట్టి లోనికి, ఎడమ నుంచి కొట్టి బయటికి అన్న నియమం ప్రకారం, రాగి పుల్లతో తట్టి తీసి, ఆ ఖాళీలో నున్నటి ఇనుప ముక్క దిగగొట్టాడు. మిగిలింది గురి కుదర్చడం. అందుకు పది తూటాలైనా కాల్చాలి, ఉన్నవి మూడు. కాబట్టి వీధిలోని పళ్ల డాక్టరు దగ్గర నోట్లోకి పెట్టి చూసే బుల్లి అద్దం ఎరువు తెచ్చాడు. ఖాళీ తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా పడుకోబెట్టి, లీవరు తెరిచి, గొట్టం మొదట్లో అద్దం ఏటవాలుగా పెడితే గొట్టంలోంచి అవతలి లోకం గుండ్రంగా కనబడుతుంది. గొట్టం చూసేదాన్నే సైటు కూడా చూసేలా తిప్పితే గుండు ఖర్చు లేకుండా గురి కుదిరినట్టే, కాస్త అటూ ఇటూ. ఆయన ఎంచుకున్న లక్ష్యం వీధి అవతలి వరసలో, నలభై గజాల దూరంలో, బట్టల కొట్టు బోర్డు మీది సున్నా.

“ఏం సాయిబూ!” బట్టల కొట్టు రఘునాథ్ రెండు చేతులూ పైకెత్తాడు. “ఎలక్షన్లు మా కొట్లోనే మొదలుపెట్టినావా?”

“నువ్వు పక్కకు జరుగప్పా, నీ సున్నాతో పని.”

“నా బతుకంతా అదే కదా!”

వీధి నవ్వింది. కాశిం సాహెబ్ నవ్వలేదు. చిల్లులోంచి చూస్తుంటే మక్కీ, దాని తల మీద సున్నా, సూది మొన మీద పెట్టినట్టు నిలిచాయి. ఆయన ముసలి కన్నుకే ఇలా ఉంటే ఆమెకు ఎలా ఉంటుంది? ఎలా ఉండి ఉండేది, ఇన్నేళ్లూ?

బుధవారం పొద్దున్నే చంద్రకాంతమ్మ వచ్చింది. తుపాకీ చేతికి తీసుకుని, మెడ మీద నిలబడ్డ కాడను వేలితో తాకింది.

“ఇదేంది సాబూ?”

“అప్పుడు మీరు అడిగింది అమ్మా.”

“పడదంటివే! రంధ్రం లేదంటివే!”

షహర్‌బాను లోపలి గడప దగ్గర నిలబడి కళ్లతోనే అబద్ధాన్ని అందించింది. కాశిం సాహెబ్ నోరు తెరిచాడు. భుజం వెనక తండ్రి కూడా ఆసక్తిగా ఉన్నట్టున్నాడు.

“ఉండాదమ్మా. అప్పుడూ ఉండాది. బొట్టు కింద ఉండాది. నేను తుడిచి చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

“మీ పూజ బొట్టు కదా... నా చేత్తో ఎట్ల చెరిపేది అని...”

ఆమె వేలు కాడ మొదట్లోని మర మీదికి జారింది. బెల్లం మండీలో దిమ్మెలు పగలగొట్టే చప్పుడు వినిపిస్తూ ఉంది.

“నేనడిగింది తుపాకీ సంగతి సాబూ,” అంది చివరికి, గొంతు పెంచకుండా. “దేవుడి సంగతి కాదు. బొట్టుదేముండాది, తుడిస్తే మళ్లీ పెట్టుకుందును. ఇరవై రెండేండ్లు! నా కన్ను చెడిందనుకోని నేను ఊరకే కూర్చుంటినే!”

“తప్పు నాదే అమ్మణ్ణీ.”

నలభై నాలుగేళ్ల తర్వాత ఆ పిలుపు నోట్లోంచి ఎలా జారిందో ఆయనకే తెలియదు. ఆమె విన్నదో లేదో. బొంత మడిచి చంకలో పెట్టుకుంది.

“కాల్చే చోటు యాడుండాది? పద.”

ఊరి అవతల మూతపడిన రాళ్ల క్వారీలో, బాగుచేసిన తుపాకులు పరీక్షించుకోవడానికి కాశిం సాహెబ్‌కు రాతపూర్వకమైన అనుమతి ఉంది. ఆటో వాణ్ని రోడ్డు మీదే ఆపి ఇద్దరూ నడిచారు. ఆయన నలభై గజాలు అడుగులతో కొలిచి, నిటారుగా లేచిన బండ ముందర కర్ర పాతి, మూడు మట్టి ప్రమిదలు వేలాడదీశాడు.

“నిమ్మకాయలు దొరకలేదా?”

“నిమ్మకాయలైతే మీరు కొట్టిందీ లేనిదీ నాకు కనపడదమ్మా. ప్రమిదైతే పగిలితే తెలుస్తాది.”

ఆమె నవ్వు ఆపుకుంది, కోపం ఇంకా మిగిలే ఉంది కాబట్టి. మొదటి తూటా ఎక్కించి, భుజానికి ఆనించి, చెంప కట్టె మీద పెట్టింది. ఊపిరి బిగపట్టడం కాశిం సాహెబ్ విన్నాడు. టిక్.

“దించవద్దు! అట్లే బండ దిక్కు పట్టుకోండి. పాత మందు, నిదానంగా అంటుకుంటాది ఒక్కోసారి.” నిమిషం గడిచింది. ఏమీ కాలేదు. లీవరు తిప్పితే చచ్చిన తూటా ఇసుకలో పడింది.

“దీనికీ ముసలితనమొచ్చె,” అంది.

రెండోది పేలింది. ఆ చప్పుడు క్వారీ గోడలు మూడు నాలుగు సార్లు చెప్పుకున్నాయి. నడిమి ప్రమిద కింద, బెత్తెడు దిగువన, బండ మీద తెల్లటి మచ్చ పడింది.

“కింద పోయింది,” అన్నది ఆమే, ముందుగా. “నిలువు సరిగ్గా ఉండాది. పక్కకు లేదు. సూసి సెప్పు, తప్పు నాదా దీనిదా?”

కాశిం సాహెబ్ దగ్గరికెళ్లి, కాడ మొదట్లోని గింజను అర చుట్టు తిప్పాడు. చక్రం నూలువాసి లేచింది. ఒక గీత ఎక్కువ తిరిగింది. వెనక్కి తిప్పి మళ్లీ సరిచేశాడు. ఇంక ఒక్కటే తూటా. అది కూడా టిక్కుమంటే, ఇరవై రెండేళ్ల కింద తాను చెప్పిన మాటే ఆఖరి మాటవుతుంది.

ఆమె ఈసారి తొందరపడలేదు. చిల్లులోంచి చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఎండ బండ మీద కొంచెం జరిగింది.

“అమ్మా?”

“ఉండప్పా. సూడనీ. మక్కీ కనపడతాండాది, ప్రమిదె మింద కుమ్మరోడి వేలి గీత కనపడతాండాది... ఆ పైన బండ సందులో తొండ ఉండాది సాబూ, దాని గొంతు కొట్టుకుంటాండాది. అన్నీ ఒకేసారి. ఎన్నాళ్లయిందో!”

తొండ వెళ్లిపోయేదాకా ఆగి, అప్పుడు కాల్చింది.

నడిమి ప్రమిద లేదు. దారం మాత్రం ఊగుతూ ఉంది. కాశిం సాహెబ్ ప్రమిద పగలడం చూడలేదు. ఆయన ఆమె చేతినే చూస్తున్నాడు. చర్మం ముడతలు పడింది, నరాలు తేలాయి. ట్రిగ్గరు మీద వేలు మాత్రం అప్పటిలాగే, అడిగి మరీ తలుపు తట్టినంత మెత్తగా కదిలింది. చెయ్యి లీవరును కిందికి తోసి మీదికి లాగింది. ఖాళీ తూటా ఎండలో మెరిసి పడింది. ఇంక ఎక్కించడానికేమీ లేదు. అయినా ఆమె తుపాకీ దించకుండా, చిల్లులోంచి బండనూ, బండ మీది ముళ్లపొదనూ, పొద అవతలి ఆకాశాన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఆయన చూడాలనుకున్నది చూశాడు. తీరుతుందనుకున్నది మాత్రం తీరలేదు. రాలవలసిన ప్రమిదలు, ఇరవై రెండేళ్లవి, గాలిలో ఎక్కడో వేలాడుతూనే ఉన్నట్టనిపించింది.

గురువారం స్టేషనుకు ఆయనా వెళ్లాడు, పిలవకుండానే. బల్ల వెనక హెడ్ కానిస్టేబులు యోగానంద, అంతకు ముందు అప్పగించిన తుపాకుల్ని విరిగిన కుర్చీలతో సహా ఒక మూలకు చేర్చి, ఫారం నింపుతున్నాడు.

“శాశ్వతంగా అప్పగించేస్తానని కబురు చేసినారంటనే అమ్మా? లైసెన్సు గూడా రద్దుకు రాయమంటారా?”

“వద్దు నాయనా. ఎలక్షన్ల మటుకే. రసీదియ్యి.”

యోగానంద కలం ఆపి చూశాడు. “తూటాలెన్ని?”

“లేవు.”

“ఇంట్లో ఉండేవి?”

“యాడా లేవు. ఈ రకానివి ఇంక దొరకవని సాబు చెప్తాడు.”

“మరి గుండ్లు లేని తుపాకీ దేనికమ్మా మీకు? లోకమంతా తుపాకీ ఇచ్చేసి పీడ వదిలిందంటాంటే!”

“సూసుకునేదానికి,” అంది చంద్రకాంతమ్మ.

ఆ సమాధానానికి ఫారంలో గడి లేదు. యోగానంద ‘స్వీయ రక్షణ’ అని రాసుకున్నాడు. నంబరు చీటీ తెచ్చి దారంతో పీప్‌సైటు కాడకే కట్టబోయాడు. కాశిం సాహెబ్ ముందుకు ఒరిగాడు. అంతలో ఆమే చీటీ అందుకుని, కాడను జాగ్రత్తగా పడుకోబెట్టి, దారం లీవరు ఉంగరానికి ముడివేసింది. తుపాకీ మూలకు వెళ్లింది. ఆయన కుర్చీల నుంచి దాన్ని జానెడు ఎడంగా జరిపి వచ్చాడు. ఎవరూ వద్దనలేదు.

బయట ఏదో పార్టీ ఆటో మైకు పెట్టుకుని తిరుగుతూ ఉంది. ఆమె రసీదు రవికలో దోపుకుంది.

“ఓట్లు లెక్కపెట్టినంక రా సాబూ, స్టేషనుకు. ఈళ్లేమన్నా వంచింటే నువ్వే సూడల్ల.”

“వస్తానమ్మా.”

“ముందు తుడిచి సూడు,” అని, పాకాల బస్సు కోసం రోడ్డు దాటింది.

కాశిం సాహెబ్ కొట్టుకు నడిచాడు. లెక్కింపు ఇంకా నెలన్నర దూరం. ఎవరు గెలుస్తారన్న చింత రవ్వంతైనా లేకుండా ఆ ఎన్నికల ఫలితాల కోసం రోజులు లెక్కపెట్టుకున్న పౌరుడు చిత్తూరు జిల్లా మొత్తానికి ఆయనొక్కడే.